శిబిరయాత్రలో కెమెరా

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి సెలవులు సమీపించినంతనే మన పాఠశాలలో రెండు మాటలు తరచుగా వినవచ్చును. మొదటిది శిబిరము, రెండవది ఫోటో. ఏ కొండకు పోవుదుము, ఏ యూర బసచేయుదుము అని కొందరు ముచ్చటించుకొనుచుండగా, కెమెరా ఎవరి యింట ఉన్నది, ఎవరి అన్నగారు ఎరువిత్తురు అని మరికొందరు విచారించుచుందురు. ఒక దినపు విహారమునకు కెమెరాను మెడలో వ్రేలాడదీసికొని పోవుట సులభము. ఏడెనిమిది దినములు గుడారమునందో పల్లెబడి వసారాలోనో బసచేసి, ఎండలో, దుమ్ములో, మంచులో దానిని కాపాడుకొని, తీసిన చిత్రములను చెడకుండ ఇల్లు చేర్చుట కష్టము. ఈ రెండవ పనిని గూర్చి విద్యార్థులకు తెలియవలసిన విషయములను ఈ పాఠమున చెప్పదలచితిమి.

"ఏ కెమెరా మంచిది?" అని మమ్ము అడుగువారు పెక్కుమంది కలరు. ఆ ప్రశ్నకు అంగడివాడు మాకంటె చక్కగా ఉత్తరము చెప్పగలడు. మేము మిమ్ము ఆలోచింపుమని కోరు ప్రశ్న వేరు. చిత్రము తీయుట సగము పని. దానిని పేరుతోసహా ఇంటికి చేర్చుట తక్కిన సగము. ఆ రెండవ సగమును నెరవేర్చుట యెట్లు?

1. నాలుగు ఎడ్లబండ్ల యాత్ర

ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకువారు మన పొరుగునే జరిగిన ఒక యాత్రను తెలిసికొనవలెను. లినేయస్ ట్రైప్ అను ఆంగ్లేయుడు 1822లో ఇంగ్లండునందలి డెవన్‌పోర్టులో జన్మించెను. ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యములో ఉద్యోగిగా ఉండి ఛాయాగ్రహణవిద్యను అభ్యసించెను. 1854లో హళేబీడు, బేలూరు ఆలయములను చిత్రించెను. 1855లో బర్మా రాజధానియైన అమరపురమునకు పోయిన రాయబార బృందము వెంట కెమెరాతో పోయెను. అటుపిమ్మట మద్రాసు ప్రభుత్వమువారు ఆయనను తమ ఛాయాగ్రాహకునిగా నియమించిరి.

1857 డిసెంబరులో ట్రైపు బెంగుళూరు నుండి బయలుదేరి, 1858 ఏప్రిలు వరకు, అనగా నాలుగున్నర మాసముల కాలము, దక్షిణదేశమున సంచరించెను. రాయకోట, శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు ఆయన చూచిన చోట్లలో ముఖ్యమైనవి. సామగ్రి నాలుగు ఎడ్లబండ్లమీద వెంట నడచెను. నేడు మన చొక్కా జేబులో ఇముడు పనిముట్టు చేయు పనికి ఆనాడు నాలుగు బండ్లు కావలసివచ్చెను!

ఆ బండ్లలో ఏమి యుండెనని మీకు సందేహము కలుగవచ్చును. పెద్ద కొయ్య కెమెరా, దానికి నిలుకడనిచ్చు ముక్కాలి స్టాండు, కాగితములు, రసాయనములు, తొట్లు, నీటిపాత్రలు మున్నగునవి ఆ కాలపు ఛాయాగ్రాహకునికి తప్పనిసరి సామగ్రి. అప్పటికి రెండు పద్ధతులు వాడుకలో నుండెను. ఒకటి తడి గాజుపలక పద్ధతి. అందు పలకకు మందు పూసి, తడియారకముందే చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. మన ఎండలలో ఆ తడి ఎంతసేపు నిలుచును? రెండవది మైనపు కాగితపు పద్ధతి. పలుచని కాగితమునకు మైనము పట్టించి, వెండి లవణములతో సిద్ధపరచి, కొన్ని దినములు నిలువయుంచుకొని, వలసినప్పుడు వాడుకొని, పిదప తీరికగా కడుగవచ్చును. ఇందు వెలుగు సోకవలసిన కాలము క్షణములలో గాక నిమిషముల లెక్కలో నుండును. అయినను సుదీర్ఘయాత్రకు అదియే తగినదని గ్రహించి ట్రైపు ఆ కాగితమునే ఎన్నుకొనెను. యాత్రయొక్క స్వభావమునుబట్టి సాధనమును ఎన్నుకొనుట ఇందలి మొదటి పాఠము.

ఆయన తంజావూరి బృహదీశ్వరాలయము చుట్టును ఉన్న శాసనపంక్తులను ముక్కలు ముక్కలుగా చిత్రించి, 21 చిత్రములను ఒకదానిప్రక్క ఒకటి అతికి, సుమారు 19 అడుగుల పొడవుగల పటమును సిద్ధపరచెను. ఒక్క ముక్క తప్పిపోయినను, వరుస తారుమారైనను ఆ పటము పనికిరాకపోయెడిది. రాతి చుట్టును అడుగడుగునకు కెమెరాను జరుపుచు, ఏ కాగితము ఏ భాగమునకు సంబంధించినదో మరువక గుర్తించుకొనిననే గాని అట్టి కార్యము సాధ్యము కాదు. వరుస తప్పకుండ గుర్తుంచుకొనుట ఇందలి రెండవ పాఠము.

మధురలో ట్రైపు తిరుమల నాయకుని మహలును చిత్రించెను. ఆ మహలు విరుదునగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. మీలో పెక్కుమంది దానిని చూచియేయుందురు. 1623 మొదలు 1659 వరకు మధురను పాలించిన తిరుమల నాయకుడు తెలుగు నాయకవంశమువాడు. ఆయన అనంతరము ఆ మహలులో చాల భాగము పడగొట్టబడెను, మిగిలినది శిథిలమాయెను. 1866 మొదలు 1872 వరకు మద్రాసు గవర్నరుగానుండిన నేపియరు ప్రభువు దానిని బాగుచేయించెను. ట్రైపు చిత్రములు అంతకు ముందటివి. మరమ్మతునకు పూర్వము ఆ స్తంభములు, ఆ తోరణములు ఏ స్థితిలో నుండెనో తెలిసికొనగోరువారికి ఆ కాగితములే సాక్షులు.

యాత్ర ముగించి మద్రాసు చేరిన పిమ్మట, 1858లోనే, ఆయన అచ్చటి మ్యూజియములో నుండిన అమరావతి స్తూపశిలలను చిత్రించెను. మరుసటి సంవత్సరమే, అనగా 1859లో, వానిలో 121 శిలలు ఓడమీద లండనునకు పంపబడెను. అవి నేడు బ్రిటిషు మ్యూజియమున కలవు. తెలుగుదేశపు శిల్పము సముద్రము దాటుటకు ముందు మన నేలమీద నున్నప్పుడు తీసిన చిత్రములవి.

1859లో గవర్నరు ట్రెవెల్యన్, ఈ ఛాయాగ్రహణము ప్రభుత్వపు ఖజానా భరింపలేని విలాసమని భావించి ఆ పనిని ఆపించెను. పనిని ఆపించినవారి లెక్క ఏమైనను, నాలుగు బండ్లవాడు ఇల్లు చేర్చిన చిత్రములు నేటికిని లోకమున నిలిచియున్నవి.

2. బరువు తగ్గించుకొనుట

ట్రైపునకు పిమ్మట కాలము మారెను. 1871లో పొడి జెలటిను పలక కనుగొనబడెను. 1888లో చుట్టగాచుట్టిన ఫిల్ముతో ఈస్ట్‌మన్ కొడాకు కెమెరా వెలువడెను. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఒక ఫిల్ముచుట్టకు 36 చిత్రములు మాత్రమే. మీట నొక్కుటకు ముందు మూడుమార్లు ఆలోచించువారము. నేడు ఫిల్ము లేదు, లెక్కయు లేదు. బండ్లు పోయినవి గాని మోయువాని వీపు మాత్రము మారలేదు.

2020లో వెలువడిన జాతీయ పాఠశాల సంచి విధానమునందు, విద్యార్థి మోయు సంచి అతని బరువులో పదవవంతునకు మించరాదని సూచింపబడినది. శిబిరయాత్రకును ఈ కొలతనే పాటించుట మేలు. నలుబదియైదు కిలోల బరువుగల బాలుడు నాలుగున్నర కిలోలకంటె ఎక్కువ మోయరాదన్నమాట. అందు త్రాగునీరు రెండు లీటర్లనగా రెండు కిలోలు. దుప్పటి, బట్టలు, భోజనపు పళ్లెము ఒక కిలోన్నర. కెమెరాకును దాని పరివారమునకును మిగిలినది ఒక్క కిలో! ఈ లెక్క వేసికొనక బయలుదేరినవాడు మొదటి కొండయెక్కునప్పుడే తన ముక్కాలి స్టాండును స్నేహితుని భుజముమీద పెట్టును. రెండవ కొండ నాటికి స్నేహితుడు మాటలాడుట మానును.

కావున తీసికొనిపోవలసినవి ఇవి: కెమెరా ఒకటి, లెన్సు ఒకటి, బ్యాటరీలు రెండు, మెమరీ కార్డులు రెండు, లెన్సు తుడుచు మెత్తని గుడ్డ, దుమ్ము ఊదు రబ్బరు బుడ్డి, గట్టిగా మూతపడు ప్లాస్టిక్ సంచులు మూడు, ఒక చిన్న నోటుపుస్తకము, ఒక పెన్సిలు. కెమెరా లేనివారు ఫోనునే వాడుదురు. వారికిని ఈ నియమములన్నియు వర్తించును. పెన్సిలు ఏలనని అడుగవచ్చును. వాన తుంపర పడినను పెన్సిలు వ్రాత అలుకుకొనిపోదు. సిరా వ్రాత అలుకుకొనిపోవును. ముక్కాలి స్టాండు కావలసినచో బృందమునకు ఒకటి చాలును. దానిని దినమునకొకరు చొప్పున మోయవలెను.

సామగ్రి కొద్దిదైనంత మాత్రమున పని కొద్దిది కానక్కరలేదు. మన పొరుగు తిరునెల్వేలిలో 1912లో జన్మించిన ఎం. కృష్ణన్ గారు అడవిజంతువుల చిత్రములకు ప్రసిద్ధులు. ఆయన వేర్వేరు కెమెరాల భాగములను తామే కూర్చి ఒక బరువైన పనిముట్టును చేసికొని, దానికి హాస్యముగా "సూపర్ పాండరోసా" అని పేరిడుకొనిరి. దానితోనే నలుపు తెలుపులలో ఏనుగులను, దుప్పులను, పక్షులను చిత్రించిరి. 1950 మొదలు 1996లో తమ మరణము వరకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్యాసములు వ్రాసిరి. పద్మశ్రీ బిరుదు పొందిరి. ఆయన చిత్రములకు ఖరీదైన సామగ్రికంటె, ఒక్క చోట కదలక కూర్చుండి జంతువు నడతను గమనింపగల ఓర్పు ఎక్కువగా తోడ్పడెను. ఆ ఓర్పునకు బరువు లేదు, ఎంతయైనను మోసికొనిపోవచ్చును.

3. విద్యుత్తు లెక్క

పల్లెలో బసచేసినప్పుడు విద్యుత్తు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఉన్నను నలుబదిమందికి ఒకే ప్లగ్గు ఉండవచ్చును. కావున బయలుదేరుటకు ముందే లెక్క వేసికొనవలెను. మన గణితపాఠము ఇచ్చట అక్కరకు వచ్చును.

మీ కెమెరా బ్యాటరీమీద 7.2 వోల్టులు, 1200 మిల్లీ ఆంపియరు గంటలు అని వ్రాసియున్నదనుకొందము. ఈ రెంటిని హెచ్చించి 1000 చేత భాగించినచో 8.64 వాటు గంటలు వచ్చును. ఇది ఆ బ్యాటరీ కడుపు నిండుటకు వలసిన శక్తి. పవర్ బ్యాంకుమీద 20,000 మిల్లీ ఆంపియరు గంటలని యుండును. దాని లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది గనుక అందలి శక్తి 74 వాటు గంటలు. ఒకదానినుండి మరియొకదానికి మార్చునప్పుడు సుమారు మూడవవంతు వేడిగా వ్యర్థమగునని అనుకొందము. మిగిలినది 49 వాటు గంటలు. దీనిని 8.64 చేత భాగించినచో అయిదు మార్లు నిండుగా నింపవచ్చునని తేలును. ఏడు దినముల శిబిరమునకు ఇది చాలును; అయితే రాత్రులందు పాటలు వినుటకు దానిని వాడరాదు.

శక్తిని ఆదా చేయుటయు నేర్వవలెను. తీసిన ప్రతి చిత్రమును వెంటనే తెరమీద పదిమందికి చూపుట బ్యాటరీకి శత్రువు. కొండప్రాంతములలో సంకేతము అందని ఫోను దానికొరకు మాటిమాటికి వెదకుచు తన శక్తిని తానే హరించుకొనును. అట్టిచోట విమానయాత్రకు ఏర్పరచిన మీటను నొక్కి ఆ వెదకులాటను మాన్పవలెను. బ్యాటరీలను ఎండలో నుంచరాదు. మూసియుంచిన బస్సు అద్దము క్రింద కెమెరాను విడిచిపోవుట విరుదునగరపు ఎండలలో దానిని పొయ్యిమీద పెట్టుటతో సమానము.

4. దుమ్ము, తేమ, మంచు

కోవిల్పట్టి చుట్టును ఉన్నది నల్లరేగడి నేల. ప్రత్తికి అది తల్లివంటిది గాని లెన్సునకు పగతురాలు. ఎండినప్పుడు దాని ధూళి మెత్తని పిండివలె లేచి ప్రతి సందులోను దూరును. అందు కంటికానని ఇసుకరేణువులుండును. లెన్సుమీద దుమ్ము కనబడగానే గుడ్డతో రుద్దినచో ఆ రేణువులు అద్దమును గీయును. మొదట రబ్బరు బుడ్డితో గాలి ఊదవలెను. పిదప మెత్తని గుడ్డతో నడిమినుండి అంచువైపునకు సున్నితముగా తుడువవలెను. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపరలు పడును. లెన్సు మార్చుకొను కెమెరా కలవారు ఆరుబయట గాలిలో లెన్సును విప్పరాదు.

మార్గశిర మాసమున తెల్లవారుజామున గుడారము వెలుపల కెమెరాను పెట్టి, సూర్యోదయమును తీయవలెనని లేచి చూచినచో అద్దమునిండ తెల్లని ఆవిరి పట్టియుండును. దీనికి కారణము మీ విజ్ఞానశాస్త్ర పాఠములోనే యున్నది. రాత్రి చల్లబడిన అద్దమునకు తేమగల గాలి తగిలినప్పుడు అందలి నీరు మంచుబిందువులుగా అద్దముపై చేరును. చల్లని నీటిచెంబు వెలుపల చెమర్చుట యిట్టిదే. కావున కెమెరాను రాత్రి గట్టిగా మూసిన సంచిలో ఉంచి, ఉదయమున సంచితోసహా వెలుపలికి తెచ్చి, అరగంట సేపు వెలుపలి గాలితో సమానమైన వేడికి వచ్చువరకు ఆగి, పిదప తీయవలెను. కుర్తాళము జలపాతములకు పోవువారు తుంపరను గూర్చి మరింత జాగ్రత్త వహింపవలెను. తేమతో, చీకటితో బహుకాలము మూసియుంచిన లెన్సులో బూజు పట్టును. సంచిలో సిలికా జెల్ పొట్లములు వేసియుంచవలెను. అవి తేమను పీల్చుకొనును; అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టినచో మరల పనికివచ్చును.

5. వెలుగును కనిపెట్టుట

కోవిల్పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున కళుగుమలై కలదు. అచ్చటి వెట్టువాన్ కోవెల ఒకే రాతినుండి పైనుండి క్రిందికి తొలిచిన ఆలయము. పాండ్యుల కాలమున, ఎనిమిదవ శతాబ్దమున, మొదలుపెట్టి పూర్తిచేయక విడిచినది. ప్రక్కనున్న కొండరాతిమీద వరుసలు వరుసలుగా జైన శిల్పములును, వాని క్రింద వట్టెళుత్తు లిపిలో శాసనములును కలవు. శిబిరయాత్రకు ఇంతకంటె మంచి పాఠశాల మన సమీపమున మరియొకటి లేదు.

అచ్చట మిట్టమధ్యాహ్నమున తీసిన చిత్రమును, సూర్యుడు వాలియున్నవేళ తీసిన చిత్రమును ప్రక్కప్రక్కనే ఉంచి చూడుడు. మన ప్రాంతము 9 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైన నున్నది. అందుచేత ఏప్రిలు నడుమను, ఆగస్టు చివరను మధ్యాహ్నమున సూర్యుడు సరిగా మన నడినెత్తిమీదికి వచ్చును. ఆ వెలుగులో లోతులేని చెక్కడములు చదునుగా కనబడును. వెలుగు ప్రక్కనుండి రాతిని ఒరసికొని పడినప్పుడు ప్రతి గీతకును ఒక నీడ పుట్టును. మధ్యాహ్నము కనబడని అక్షరము సాయంకాలము చదువవచ్చును. ఒక దినము పోయి వచ్చువానికి ఈ అవకాశము లేదు. అచ్చటనే బసచేసినవాడు ఒకే శిల్పమును మూడు వేళలయందు చూడగలడు. శిబిరమువలన ఛాయాగ్రాహకునికి కలుగు గొప్ప లాభము ఇదియే.

ఇచ్చట మర్యాదను గూర్చియు ఒక మాట. రక్షితస్థలములలో ముక్కాలి స్టాండును నిలుపుటకు చాలచోట్ల ముందుగా అనుమతి పొందవలెను. గర్భగుడిలో కెమెరా తీయరాదు. అక్షరములు స్పష్టముగా కనబడుటకై రాతిపై సుద్ద పూయుట, నీరు పోసి రుద్దుట మహాపరాధము. శ్రీవిల్లిపుత్తూరు అడవులు 1988 నుండి బూడిదవన్నె పెద్ద ఉడుతల రక్షితస్థలము; 2021 నుండి మేఘమలైతో కూడి పులుల రక్షితారణ్యము. అచ్చటికి అటవీశాఖవారి అనుమతి లేక పోరాదు. గూడువద్ద ఫ్లాషు వెలిగింపరాదు. పల్లెవారిని చిత్రించుటకు ముందు చేతులు జోడించి అడుగవలెను. వలదన్నచో కెమెరాను దించి కుశలప్రశ్నలు వేయవలెను.

6. పేరులేని చిత్రము

ఇక మాకు జరిగిన ఒక నష్టమును మీకు చెప్పుదుము. ఇది మా తప్పిదము గనుక దాచుట న్యాయము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము విద్యార్థులతో ఒక పల్లెలో ఏడు దినములు బసచేసితిమి. ఆ పల్లెలో ఎనుబది యేండ్లు దాటిన అవ్వ ఒకతె యుండెను. ఆమెకు తెలుగు చదువను వ్రాయను రాదు. కాని ఆమె నోట తెలుగు తప్ప వేరు మాట రాదు. మేడి, నొగ, కర్రు, కాడి అని నాగలి భాగములన్నిటిని పేరుపేరున చూపెను. ఇప్పుడు ఆ యిండ్లలో పిల్లలు వానిని అరవపేర్లతోనే యెరుగుదురు. కలుపుతీయునప్పుడు పాడు పాట యొకటి పాడెను. మన బాలురు ఆమెను పలుమార్లు చిత్రించిరి. ఆమెయు సిగ్గుపడి నవ్వుచు, కొప్పు సవరించుకొని కూర్చుండెను.

ఆరవ దినమున కార్డు నిండిపోయెను. అది చిన్న కార్డు. ఆటపాటల చలనచిత్రములతో బరువెక్కియుండెను. వీడ్కోలు సభనాటి బృందచిత్రములకు చోటు కావలెనని ఒక బాలుడు మొదటి దినముల చిత్రములను తుడిచివేసెను. రెండవ ప్రతి లేదు. నోటుపుస్తకములో ఆ అవ్వ పేరైనను వ్రాసికొనలేదు. "అవ్వ, ఫోటో" అని మాత్రము ఎవరో వ్రాసియుండిరి.

మరుసటి యేడు ఒకనాడు ఆమె మనుమడు పాఠశాలకు వచ్చి వాకిట నిలిచెను. "మా అవ్వ పోయింది సారూ. మీ పిల్లోళ్లు ఆపొద్దు ఫోటో తీసిరి గదా. అది ఒకటి ఇస్తే ఇంట్లో పెట్టుకొంటాము. ఆమెది మాకాడ ఒకటీ లేదు" అనెను. మేము మిగిలిన చిత్రములన్నిటిని రెండు దినములు వెదకితిమి. తుడిచిన చిత్రములను తిరిగి పొందు ఉపాయము కలదు గాని, అది ఆ కార్డును వెంటనే వాడుట మానినప్పుడే సాధ్యము. మేము దానిమీద వందల చిత్రములను మరల తీసియుంటిమి. చివరకు ఒక బృందచిత్రము మూల, మసకగా, అటువైపు తిరిగి నిలిచిన ఒక ముసలమ్మ వీపు కనబడెను. దానినే పెద్దదిచేసి యిచ్చితిమి. అతడు చాలసేపు చూచి, "కొప్పు అవ్వదే" అని కండువాలో చుట్టుకొని తీసికొనిపోయెను.

ఆ బాలుని మేము మందలింపలేదు. ఏ చిత్రము మరల తీయదగినదో, ఏది తీయరానిదో మేమే అతనికి నేర్పియుండలేదు. వీడ్కోలు సభ మరుసటి యేడును వచ్చును. ఆ అవ్వ రాలేదు.

ఆనాటినుండి మా శిబిరములలో మూడు నియమములు ఏర్పరచితిమి. మొదటిది: శిబిరము ముగిసి ఇల్లు చేరువరకు ఏ చిత్రమును తుడువరాదు. ఒక్కొక్క చిత్రము 10 మెగాబైట్లని లెక్కించినను 32 గిగాబైట్ల కార్డులో సుమారు 3,000 చిత్రములు పట్టును. తుడువవలసిన అవసరమే రాదు. రెండవది: ప్రతి రాత్రియు భోజనమునకు ముందు ఆనాటి చిత్రములకు రెండవ ప్రతి తీసి, దానిని వేరొకరి సంచిలో ఉంచవలెను. ఒక సంచి నీటిలో పడినను రెండవది మిగులును. మూడవది: నోటుపుస్తకములో చిత్రపు సంఖ్య, తేదీ, వేళ, స్థలము, మనిషి లేక వస్తువు పేరు, ఆ పేరును చెప్పినవారు ఎవరు అను విషయములను ఆనాడే వ్రాయవలెను. కెమెరాలోని గడియారమును బయలుదేరుటకు ముందే సరిచేసికొనినచో ఈ పని సులభమగును. వ్రాయునప్పుడు చెప్పినవారి మాటనే వ్రాయవలెను. "నాగలి" అని మాత్రము వ్రాసి ఊరకుండక, మేడిని మేడి యనియు నొగను నొగ యనియు తెలుగున వ్రాయవలెను. మన యిండ్లలో తెలుగు చెవికి తెలిసినంతగా కంటికి తెలియదు. చిత్రము క్రింద వ్రాసిన ఒక్క మాట ఆ లోపమును కొంతవరకైనను తీర్చును.

ముగింపు

విద్యార్థులారా! ట్రైపునకు నాలుగు బండ్లు కావలసెను. మీకు ఒక జేబు చాలును. అయినను ఆయన ఇల్లు చేర్చినదానిని మీరును చేర్చవలెనన్నచో ఆయన పడిన శ్రద్ధలో కొంతయైనను పడవలెను. బరువు తెలిసికొని మోయుడు, విద్యుత్తును లెక్కవేసి ఖర్చుపెట్టుడు, దుమ్మును, మంచును కనిపెట్టియుండుడు, వెలుగుకొరకు వేచియుండుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ యెదుట కూర్చుండి నవ్విన మనిషి పేరు అడిగి వ్రాసికొనుడు. ఆమె మనుమడు ఏదో యొకనాడు మన వాకిట నిలుచును. అప్పుడు మన చేతులు ఖాళీగా ఉండరాదు.

అభ్యాసము

1. ట్రైపు సుదీర్ఘయాత్రకు మైనపు కాగితపు పద్ధతిని ఎన్నుకొనుటకు కారణమేమి?
2. మీ బరువులో పదవవంతు ఎంత? అందు నీరు, బట్టలు పోగా కెమెరా సామగ్రికి ఎంత మిగులునో లెక్కింపుడు.
3. మీ యింటనున్న పవర్ బ్యాంకుతో మీ ఫోనును ఎన్ని మార్లు నింపవచ్చునో లెక్కకట్టుడు.
4. తెల్లవారుజామున లెన్సుపై ఆవిరి పట్టుటకు కారణము వ్రాయుడు. దానిని నివారించు విధమెట్లు?
5. మీ యింటి పెద్దల చిత్రము ఒకటి తీసి, పాఠమున చెప్పిన వివరములన్నియు దాని క్రింద తెలుగున వ్రాసి తీసికొనిరండు.